మంచులో ఉరిమిందంటే నమ్మలేదు

ఏజాక్స్: వెనక సీటు

ముగ్గురిలో వయసులో పెద్దదాన్ని నేను. మోకాలి నొప్పి ఉన్నదీ నాకే. అయినా కారులో వెనక సీటు నాకే వచ్చింది. టాబ్లెట్‌లో వాతావరణ రాడార్ చూసేవాళ్ళు తన పక్కన ముందు కూర్చోవాలని, కారు నడిపే సుధాకర్ గారు తేల్చి చెప్పారు. రాడార్ చూడడం నాకూ వచ్చు. వచ్చా అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. పులిహోర డబ్బా, ఫ్లాస్కు, ఆయన పార, మంచు కొలిచే ఆయన తెల్ల పలక, వీటన్నిటి మధ్య మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను.

సుధాకర్ గారిది గుంటూరు. చాలాకాలం న్యూజెర్సీలో ఉండి ఇటు వచ్చారు. చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే అయినా పిచ్చి మాత్రం వాతావరణం మీద. మేముండే ఈ ఏజాక్స్ ఊరి చుట్టుపక్కల తెలుగువాళ్ళలో ఆకాశం చూసే అలవాటున్న కొందరిని పోగుచేసి ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. ఎక్కడ ఎంత మంచు పడింది, గాలి ఎటు తిరిగింది, వడగళ్ళు ఎంత లావు, ఇవన్నీ అందులో రాసుకుంటాం. రాసినదాంట్లో ఏది నిజమో ఆయన నిర్ణయిస్తారు. ముందు సీట్లో కూర్చున్న నిఖిలది కరీంనగర్. ఇక్కడ కాలేజీలో చదువుతూ కాఫీ షాపులో పార్ట్‌టైమ్ చేస్తోంది. చురుకైన పిల్ల. నా పేరు పద్మ. మాది బందరు. తుఫానులు చూస్తూ పెరిగినదాన్ని.

ఈ ప్రయాణానికి ఎందుకు వెళ్ళానో ముందే చెప్పాలి. పోయిన చలికాలం ఒక సాయంత్రం మా ఇంటి మీద మంచు జోరుగా పడుతూ ఉండగా ఉరిమింది. మంచు పడేటప్పుడు ఉరమడం అరుదు. ఉరిమినా పడుతున్న మంచే ఆ మోతను మింగేస్తుంది, కాస్త దూరంలో ఉన్నవాళ్ళకు కూడా వినిపించదు. నాకు వినిపించింది. గ్రూపులో రాశాను. "పద్మగారూ, అది సాల్ట్ ట్రక్ అయుంటుంది" అని, అంటే మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే బండి మోత అని, సుధాకర్ గారు జవాబిచ్చి, కింద ఒక నవ్వు బొమ్మ పెట్టారు. ఆ బొమ్మ చూసి మరికొందరు నవ్వు బొమ్మలు పెట్టారు. ఎవరెవరు పెట్టారో నాకు పేరుపేరునా గుర్తుంది.

ఇంకోసారి ఉరిమితే ఆయన నా పక్కనే ఉండాలి. ఆయన చెవులతో ఆయనే వినాలి. ఈ ప్రయాణంలో అది జరగకపోతే తిరిగి రాగానే గ్రూపులోంచి బయటికి వచ్చేస్తానని మా ఆయనకు చెప్పి మరీ బయల్దేరాను. "ఉరుము కోసం అంత దూరమా?" అన్నారాయన. ఉరుము కోసం కాదని ఆయనకు ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాదు.

స్ట్రాట్‌ఫర్డ్: బటర్ టార్ట్

మేం చూడబోతున్నది స్క్వాల్. పడమట హ్యూరాన్ సరస్సు ఉంది. సరస్సు అంటాం గానీ ఒడ్డున నిలబడితే సముద్రమే. చలికాలం మొదట్లో దాని నీళ్ళు ఇంకా కాస్త వెచ్చగా ఉంటాయి. వాటి మీదుగా ఉత్తరపు చలిగాలి దూసుకొస్తే మంచు ఒక గోడలా లేచి నేల మీదికి వస్తుంది. మా బందరు తుఫాను వస్తున్నానని రోజుల తరబడి చెప్పి వస్తుంది. బియ్యం, కిరోసిన్ తెచ్చిపెట్టుకునే వ్యవధి ఇస్తుంది. దీనికి ఆ మర్యాద లేదు. నక్షత్రాలు చూస్తూ ఉండగానే ఎదురుగా ఉన్న మన చెయ్యి మనకు కనిపించదు.

దారిలో స్ట్రాట్‌ఫర్డ్‌లో ఒక బేకరీ దగ్గర ఆగాం. ఈ ప్రాంతానికి బటర్ టార్ట్ అంటే ప్రాణం. చిన్న పిండి గిన్నెలో బెల్లం పాకం లాంటిది పోసి కాలుస్తారు. కొరికితే పాకం గడ్డం మీదికి కారాలట, కారితేనే మంచిదట. కిస్‌మిస్ వేయాలా వద్దా అన్నదాని మీద ఇక్కడ ఇళ్ళల్లో మాటలు ఆగిపోతాయని కౌంటర్ దగ్గరి పెద్దాయన చాలా గంభీరంగా చెప్పాడు. మన దగ్గర పులిహోరలో నిమ్మకాయా చింతపండా అని కొట్టుకున్నట్టే. నేను కిస్‌మిస్ వద్దన్నాను. కిస్‌మిస్‌దే ఇచ్చాడు. అడిగితే "సారీ, సారీ" అని ఇంకొకటి ఊరికే ఇచ్చాడు. అందులోనూ కిస్‌మిస్ ఉంది. నిఖిల రెండూ తినేసింది.

"ఆంటీ, మీరు తినకుంటే నాకే లాభం" అంది.

నా పులిహోర డబ్బా మాత్రం ఎవరూ తెరవలేదు. పసుపు సీట్లకు అంటుకుంటుందని సుధాకర్ గారు కారులో తిననివ్వలేదు. బేకరీలో బయటి తిండి పనికిరాదు. బయట నిలబడి తినడానికి చలి. పొద్దున్నే లేచి పోపు పెట్టినదాన్ని, నాకు ఎలా ఉంటుంది?

గోడ్రిచ్: సరస్సు గట్టు

గోడ్రిచ్ ఊరి నడిమధ్య ఎనిమిది పలకల చౌరస్తా ఉంది. కోర్టు భవనం చుట్టూ ఎనిమిది వీధులు. ఎటు తిరిగినా మొదటికే వస్తాం. మూడుసార్లు వచ్చాం. "సుధాకర్ గారూ, ఎడమవైపు" అని నేను వెనకనుంచి అంటూనే ఉన్నాను. నిఖిల కూడా అదే మాట అన్నాక తిప్పారు.

ఈ ఊళ్ళో సరస్సు అడుగున ఉప్పు గని ఉంది. చలికాలం మా రోడ్ల మీద చల్లే ఉప్పులో చాలా భాగం ఇలాంటి చోట్ల నుంచే వస్తుంది. నా పాత కారు అడుగుభాగాన్ని తినేసింది ఈ ఉప్పే. గట్టు మీద నిలబడి కింద గని షెడ్లను చూస్తూ ఆ కారునే తలుచుకున్నాను.

గాలి అప్పటికి ఇంకా దక్షిణం నుంచి వీస్తోంది. సరస్సు నల్లగా, మాట్లాడకుండా ఉంది. సూర్యుడు దిగిపోతున్నాడు. కుక్కను నడిపిస్తున్న ఒకామె మమ్మల్ని చూసి ఆగింది. మంచు తుఫాను వస్తుంటే అందరూ ఇంటికి వెళ్తారు, మీరు ఎదురు వచ్చారా అని అడిగింది. అవునన్నాం. "దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి" అని నవ్వుతూ వెళ్ళిపోయింది. ఆ చలిలో ఆ దీవెన నాకు నచ్చలేదు.

మేం ఆ గట్టు దగ్గరే ఉండి చూడాలన్నది ముందు అనుకున్న మాట. సుధాకర్ గారు రాడార్ చూసి మాట మార్చారు.

"స్క్వాల్ కోర్ అంతా నార్త్‌కి షిఫ్ట్ అవుతోంది. ఇక్కడుంటే ఎడ్జ్ మాత్రమే తగులుతుంది. ముందే రూమ్‌కి వెళ్ళిపోదాం."

"గట్టు మీదైతే ఆకాశమంతా కనిపిస్తుంది కదండీ" అన్నాను.

"కనిపించడం కాదు పద్మగారూ, కొలవడం ముఖ్యం. డేటా కావాలి."

నా ఉరుము డేటా కాకుండా పోయింది కూడా ఈ మాట మీదే. కారెక్కాను.

లక్నో: బిర్యానీ లేని ఊరు

ఉత్తరంగా వెళ్తే లక్నో అనే ఊరు వస్తుంది. నిజంగా అదే పేరు. నిఖిల రూమ్మేట్‌ది అసలు లక్నో. అందుకని ఊరి బోర్డు దగ్గర కారు ఆపించి ఫోటో తీసి పంపింది. "బిర్యానీ తిన్నావా?" అని వెంటనే జవాబు. ఊరంతా ఒకే ప్రధాన వీధి. తెరిచి ఉన్న ఒకే ఒక హోటల్లో బంగాళాదుంప వేపుళ్ళ మీద గ్రేవీ పోసి ఇచ్చారు. ఉప్పు తప్ప ఇంకేం తెలియలేదు. కారం సీసా అడిగితే మిరియాల పొడి తెచ్చిపెట్టింది వడ్డించే అమ్మాయి. ఇది కారమేనా అంటే, చాలా కారం, జాగ్రత్త అంది.

మేం గది తీసుకున్నది ఊరవతల ఒక పొలం ఇంట్లో. ఇంటామె పేరు మార్లీన్. డెబ్బై దాటి ఉంటాయి. గుమ్మంలో బూట్లు విడిచి లోపలికి రమ్మంది. ఆ ఒక్క విషయంలో ఈ దేశం వాళ్ళు మనవాళ్ళే. నా పులిహోర డబ్బా చూసి ఏమిటని అడిగి, వేడిచేసి, ముందు తనే ఒక ప్లేటు తిన్నది. ఆ రోజు నన్ను మనిషిలా చూసింది ఆమె ఒక్కతే.

సుధాకర్ గారు తన తెల్ల పలకను తీసుకెళ్ళి ట్రాక్టర్ షెడ్డు పక్కన, గాలి తగలని చోట నేలమీద పరిచి వచ్చారు. పద్ధతి ఇది: మంచు పడ్డాక పలక మీద స్కేలు నిలబెట్టి కొలవాలి, పలకను శుభ్రంగా తుడవాలి, మళ్ళీ పరవాలి. తుడవడం ఆలస్యమైతే పాత మంచు మీద కొత్తది పడుతుంది, ఆ కొలత పనికిరాదు. ఈ పద్ధతిని ఆయన పూజలా చేస్తారు.

మొదటి గోడ

అది వచ్చినప్పుడు వంటింటి కిటికీ దగ్గరే ఉన్నాం. పడమట నక్షత్రాలు కింది నుంచి పైకి ఒక్కొక్క వరుసే ఆరిపోయాయి. తర్వాత ఇంటి గోడను ఎవరో భుజంతో నెట్టినట్టయింది. పెరట్లో స్తంభం మీద ఉన్న లైటు మసకబారి, పసుపు మరకలా మారి, లేకుండా పోయింది. నిఖిల అరిచి చప్పట్లు కొట్టింది. సుధాకర్ గారు వీడియో తీస్తూ ఇంగ్లీషులో వ్యాఖ్యానం చెప్తున్నారు. నేను కిటికీ అద్దానికి చెవి ఆనించి నిలబడ్డాను.

"ఏం వింటున్నారు పద్మగారూ?"

"ఏం లేదండీ."

"ఈ రోడ్డు మీదకి ట్రక్కులు రావు లెండి!"

నిఖిల నవ్వబోయి నా మొహం చూసి ఆపుకుంది.

ఉరమలేదు. గాలి తగ్గింది, లైటు మళ్ళీ కనిపించింది, దాని వెనక నక్షత్రాలు కూడా వచ్చాయి. అంత దూరం వచ్చింది ఇందుకా అనిపించింది. వెళ్ళి పడుకోవాలన్నా మనసు రావడం లేదు. కూర్చోవాలన్నా కుదరడం లేదు. వంటింట్లో అటూ ఇటూ తిరుగుతూ ఉన్నాను.

"అయిపోయింది. వెళ్ళి కొలిచేసి వస్తా" అని సుధాకర్ గారు కోటు వేసుకున్నారు. "నిఖిలా, రాడార్ ఎలా ఉంది?"

"క్లీన్ ఉంది అంకుల్. మళ్ల ఏం లేదు."

మార్లీన్ తల ఎత్తి, పొద్దున కొలవకూడదా అంది. పొద్దుటికి గాలి చెదరగొట్టేస్తుందని ఆయన చెప్పారు. అయితే లైటు మీద నుంచి చూపు తిప్పొద్దు అందామె. ఆయన టార్చి, స్కేలు పట్టుకుని వెళ్ళారు. షెడ్డు ఇంటికి మరీ దూరమేం కాదు. మా ఏజాక్స్ ఇంటి నుంచి ఉత్తరాల డబ్బా దగ్గరికి వెళ్ళినంత.

రెండోది

రెండో గోడ వచ్చిందని మాకు తెలిసింది లైటు పోయినప్పుడే. ఈసారి మసకబారడం కూడా లేదు. ఉంది, లేదు, అంతే.

"అట్లెట్ల వస్తది? రాడార్‌ల ఏం లేకుండె!" అని నిఖిల టాబ్లెట్ అందుకుంది. అప్పుడు చూసింది బొమ్మ కింద ఉన్న టైము. అది ఎప్పటిదో. మొదటి గోడ దాటేటప్పుడే ఆ ఇంట్లో ఇంటర్‌నెట్ పోయింది. తెర మీద పాత బొమ్మ అలాగే ఆగిపోయి ఉంది. ఒకరి రిపోర్టులో టైము అయిదు నిమిషాలు తేడా వస్తే ఊరుకోని మనుషులం. కిటికీ ఎదురుగా నిలబడి, ఆకాశం వదిలేసి, ఆ ఆగిపోయిన బొమ్మను నమ్మాం.

సరిగ్గా అప్పుడే కిటికీ మొత్తం ఊదారంగులో వెలిగింది. వెంటనే మోత. ఆకాశంలోంచి వచ్చినట్టు లేదు. పై అంతస్తులో ఎవరో బరువైన బీరువాను ఈడ్చి వదిలేసినట్టు, మెత్తగా, కడుపులో తగిలేలా వచ్చింది.

"ఆంటీ! ఉరిమింది! నేను విన్న, నేను విన్న!"

నాకు మొదట వచ్చిన ఆలోచన, ఆయన విన్నారా లేదా అని. ఇంత కాలం ఎదురుచూస్తే అది ఆయన లేని సమయంలో వచ్చింది. ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత గానీ, ఆయన ఎక్కడ ఉన్నారో నాకు తట్టలేదు.

తలుపు తీస్తే మెట్లు కనిపించలేదు. మెట్ల కింద ప్రపంచమే లేదు. నిఖిల ఆయనకు ఫోన్ చేసింది. ఫోన్ మా వెనకే, వంటింటి బల్ల మీద, ఛార్జింగ్‌లో మోగింది.

"నేను పోయి చూస్త" అని నిఖిల బూట్లు వెతుక్కుంటుంటే మార్లీన్ దాని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఒకరు తప్పిపోయారు, చాలు" అంది. అల్మారాలోంచి జామ్ కాచే పెద్ద గిన్నె తీసి నా చేతిలో పెట్టి, ఇనప గరిటె ఇచ్చింది. "కొట్టండి. ఆపకండి. ఆయన అదే వింటూ రావాలి."

గుమ్మంలో నిలబడి కొట్టాను. మంచు నోట్లోకి, కళ్ళల్లోకి వస్తోంది. "సుధాకర్ గారూ!" అని మొదలుపెట్టి, కాసేపటికి "సుధాకర్! సుధాకర్!" అని అరుస్తున్నాను. వెనక నిఖిల ఏడుస్తోంది. రాడార్ తనదే కదా అని ఏడుస్తోంది. చెయ్యి పడిపోతున్నా కొడుతూనే ఉన్నాను. ఈ మనిషి మీద నాకు ఎన్ని లెక్కలు మిగిలి ఉన్నాయో నాకే తెలుసు. అవేవీ తేలకుండా ఆయనకేమన్నా అయితే నేను ఎవరితో పోట్లాడాలి?

ఎంతసేపు గడిచిందో చెప్పలేను. ఆయన మేం చూస్తున్న వైపు నుంచి రాలేదు. ఇంటి గోడను చేత్తో తడుముకుంటూ పక్కనుంచి వచ్చి నా మోచేతికి తగిలారు. కనుబొమల మీద మంచు, ఒక చేతికి గ్లవ్ లేదు. రెండో చేతిలో స్కేలు అలాగే ఉంది.

ఎవరి చప్పుడు

పొయ్యి పక్కన కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, టీ ఇచ్చాక గానీ ఆయనకు మాట రాలేదు. వచ్చిన మొదటి మాట కంప్లైంటే.

"మీరు రెండు వైపులనుంచీ ఎందుకు కొట్టారండీ?"

"రెండు వైపులా?"

"మొదట ఆ పెద్ద మోత వచ్చింది చూడండి. గిన్నె కింద పడేశారేమో అనుకున్నా. ఇల్లు అటే అని అటు నడిచాను. వెళ్తే ఫెన్స్ తగిలింది. తర్వాతేమో ఠంగు ఠంగుమని ఇటు నుంచి వినిపించింది. అసలు ఆ మొదటిదే నన్ను చంపేసేది."

నిఖిల నా వైపు చూసింది. నేను నిఖిల వైపు చూశాను.

"ఆ మొదటిది నేను కాదు" అన్నాను.

"మరి?"

"అప్పటికి గిన్నె ఇంకా అల్మారాల్నే ఉంది అంకుల్" అంది నిఖిల, మెల్లగా.

ఆయన మార్లీన్ వైపు తిరిగి ఇంగ్లీషులో అడిగారు. ఆమె ఉరిమిందని, తన పళ్ళాలు కూడా అదిరాయని చెప్పింది. సుధాకర్ గారు టీ కప్పు బల్ల మీద పెట్టారు. మళ్ళీ తీసుకున్నారు. మళ్ళీ పెట్టారు.

"ట్రక్ అయుంటుంది లెండి" అన్నాను.

ఆ మాట అనకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. అన్నాక కూడా పట్టలేదు. తెల్లవార్లూ గాలి తగ్గినప్పుడల్లా లేచి కూర్చుని, పక్క గదిలో ఆయన దగ్గుతున్నారో లేదో విన్నాను.

తిరుగు దారి

పొద్దున ఆకాశం కడిగిన గాజులా ఉంది. పలక ఎటు ఎగిరిపోయిందో దొరకలేదు. కొలత లేదు. మంచు తీసే బండి వచ్చి రోడ్డు తెరిచేదాకా మార్లీన్ మాకు పాన్‌కేకులు వేసిపెట్టింది. వాటి మీద మేపుల్ పాకం. మన దోసెకు చెరుకు పాకం పోసుకున్నట్టే గానీ, బాగుంది. ఇది నేను మెచ్చుకున్న ఒకే ఒక్క పదార్థమని నిఖిల ఊరంతా చెప్పింది. మార్లీన్ తలుపు దగ్గర సుధాకర్ గారికి తన భర్త పాత గ్లవ్స్ ఇచ్చింది. తిరిగి ఇవ్వక్కర్లేదంది.

కాఫీకి ఆగినప్పుడు ఆయన గ్రూపులో పెట్టబోయే మెసేజ్‌ని నిఖిల గట్టిగా చదివింది. "మన గ్రూపులో తొలిసారిగా మంచులో ఉరుము..."

"రెండోసారి" అన్నాను.

ఆయన ఫోన్ తీసుకుని జేబులో పెట్టుకున్నారు. మళ్ళీ కారెక్కాం. రోడ్డుకు రెండు వైపులా కంచెలు మంచులో సగం మునిగి ఉన్నాయి. వాటిని చూస్తూ, ఆయన ఏ కంచెకు తగిలి ఉంటారో అని మళ్ళీ మళ్ళీ అనుకుంటున్నాను. ఏజాక్స్ వస్తే గ్రూపులోంచి బయటికి రావాలా వద్దా అని ఫోన్ తీస్తున్నాను, పెడుతున్నాను.

"పద్మగారూ" అన్నారు అద్దంలోంచి చూస్తూ. "పోయినేడాది మీ ఇంట్లో... అది ఎటు నుంచి వినిపించింది మీకు?"

ఆ ప్రశ్న అప్పట్నుంచి ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. నవ్వు బొమ్మలు పెట్టినవాళ్ళు గానీ, మా ఆయన గానీ, ఎవరూ. జవాబు నా దగ్గర ఎన్ని రకాలుగానో సిద్ధంగా ఉంది. అందులో ఆయన్ని అనాల్సిన మాటలే ఎక్కువ. నోరు తెరిస్తే అవేవీ రాలేదు.

"వంటింటి వైపు నుంచి" అన్నాను. "మా ఇంటి వెనక చెరువు వైపు."

"ఒక్క నిమిషం, సరిగ్గా వినిపించట్లేదు" అని ఆయన హీటర్ ఫ్యాన్ కట్టేశారు. "మెరుపు కనిపించిందా? మొదట్నుంచీ చెప్పండి."

నిఖిల సీట్లో వెనక్కి తిరిగి కూర్చుంది. నేను ముందుకు వంగి మొదలుపెట్టాను. స్టవ్ మీద పాలు పెట్టిన దగ్గర్నుంచీ చెప్పాను. కారు మెల్లగా చల్లబడింది. అద్దాల మీద ఆవిరి పట్టింది. ఫ్యాన్ మళ్ళీ వేయమని ఎవరూ అనలేదు.